డిక్కీ నిండా సాంబార్

తోళ్ళు పదును చేసే పనిలోకి వచ్చేవాళ్ళకి నేను ముందుగా చెప్పేది మధ్యాహ్నం భోజనం గురించి. మొదటిరోజు డబ్బా మూత తీసి, వాసనకి మళ్ళీ పెట్టేస్తారు. రెండోరోజు కారులో కూర్చుని, అద్దాలు ఎక్కించుకుని తింటారు. నెల తిరిగేలోగా పక్కన పచ్చితోలు వేలాడుతుండగా ఆవకాయన్నం కలుపుకుని తినగలిగితే ఈ పని మీకు పట్టుబడినట్టే. తినలేకపోతే సిగ్గుపడక్కర్లేదు. ఐటీ ఉండనే ఉంది.

నేను రిటైరయ్యాక సలహా అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. మొన్న యూనివర్సిటీలో చదివే ఒకమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, వీడియో చూసి ఒక తోలు ట్రై చేశాను. అప్పడంలా అయిపోయింది. వాట్ డిడ్ ఐ డూ రాంగ్?" అంది. ఫోన్‌లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు ఏ సర్టిఫికెట్ ఇచ్చారు అన్నవి వదిలేస్తున్నాను. వాటివల్ల ఎవరూ ఏమీ నేర్చుకోరు. మెర్వ్ అనే పెద్దమనిషి ఒక కణుజును, అంటే పెద్దజాతి జింకను, కొట్టిన సంగతి చెబితే, ఈ పనిలో తెలుసుకోవలసినవి చాలావరకు అందులోనే వచ్చేస్తాయి.

టెక్స్‌టైల్స్

మాది గూడూరు. కెమికల్ ఇంజనీరింగ్ చదవాలని ఆశపడ్డాను. కౌన్సెలింగ్‌లో నా వంతు వచ్చేసరికి లెదర్ టెక్నాలజీ మిగిలింది. మద్రాసులో చదువుకున్నన్నాళ్ళూ మా నాన్న చుట్టాలకి "కెమికల్‌లోనే ఒక బ్రాంచి" అని చెప్పుకొచ్చాడు. పెళ్ళయి, మా ఆయన మురళి ఉద్యోగంతో మెల్‌బోర్న్ వచ్చి, పాయింట్ కుక్‌లో ఇల్లు కట్టుకున్నాక నాకు ఒక షెడ్డులో పని దొరికింది. మా ఇల్లు నగరానికి పడమటి చివర. షెడ్డు తూర్పు చివర, కొండల కింద. పొద్దున నగరం మొత్తం దాటి వెళ్ళి, సాయంత్రం నగరం మొత్తం దాటి రావాలి. వేటగాళ్ళు తెచ్చే జింక తోళ్ళను వెంట్రుకలు ఊడకుండా పదును చేసి, నేల మీద పరుచుకోవడానికో కుర్చీ మీద వేసుకోవడానికో తయారుచేసి ఇవ్వడం మా పని.

మురళి మంచివాడు. కానీ నలుగురిలో మాత్రం "మా ఆవిడ టెక్స్‌టైల్స్‌లో చేస్తుంది" అనేవాడు. ఒక పార్టీలో ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, "అక్కా, మీ దాంట్లో స్టాఫ్ డిస్కౌంట్‌కి పట్టుచీరలేమన్నా వస్తాయా?" అని అడిగింది. "మా దగ్గర అన్నీ బొచ్చువే ఉంటాయమ్మా" అన్నాను. ఊలు శాలువాలనుకుని, చలికాలానికి రెండు తీసిపెట్టమంది.

ఇక్కడ ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. మనవాళ్ళకి తోలు సోఫా కావాలి, తోలు బెల్టు కావాలి, కారులో తోలు సీట్లు కావాలి. ఆ తోలును ముట్టుకునే మనిషి మాత్రం కళ్ళబడకూడదు. తరాలుగా ఆ పని చేసినవాళ్ళని మన ఊళ్ళు ఎక్కడ ఉంచాయో అందరికీ తెలుసు. మురళి టెక్స్‌టైల్స్ అని ఎందుకు అంటున్నాడో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. మొదట్లో దెబ్బలాడాను. తర్వాత తర్వాత ఇంట్లో ఆ మాటే ఎత్తకుండా కాపురం చేశాం. షెడ్డులో ఏం జరుగుతుందో అతను అడగడు, నేను చెప్పను. మా అమ్మాయి శ్రావ్య ఒక్కతే, నేను లోపలికి రాగానే, "అమ్మా, యూ స్మెల్ లైక్ వర్క్" అనేది.

గ్లెండా

షెడ్డు యజమాని గ్లెండా. పొట్టి మనిషి, గట్టి మనిషి. టీ కప్పు చేతిలో లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఉద్యోగం కోసం వెళ్ళినరోజు నా పట్టా తీసి చూపించబోతే, "ముందు నువ్వు ఇది చూడు" అని ఒక నల్ల ప్లాస్టిక్ సంచి మూతి విప్పింది. ఎవరో వేటగాడు నడివేసవిలో కారు డిక్కీలో వేసుకుని, మర్చిపోయి, వారం తర్వాత తెచ్చిన జింక తోలు అది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇలా ఎందుకయింది?" అని అడిగింది గ్లెండా.

"వేడి, తడి, గాలి ఆడకపోవడం, బాక్టీరియా" అన్నాను ముక్కు మూసుకుని.

"ఇప్పుడు ముక్కు మూసుకోకుండా చెప్పు."

చెప్పాను. ఉద్యోగం ఇచ్చింది.

సాయంత్రం ఆ తోలు తాలూకు మనిషి వచ్చాడు. గ్లెండా అతని కళ్ళ ముందే వెంట్రుకలు పట్టి మెల్లిగా లాగింది. గుప్పెడు ఊడి చేతికొచ్చాయి. ఇంకోచోట లాగింది, అక్కడా అంతే. చూస్తుండగానే ఆ తోలు తిరుపతి వెళ్ళొచ్చినట్టు అయిపోయింది.

"దీన్నేమన్నా చెయ్యొచ్చా?" అన్నాడు పాపం.

"చెయ్యొచ్చు. పాతిపెట్టొచ్చు" అంది గ్లెండా.

ఆమె నోరు అలాంటిది. మెచ్చుకోవడం ఎరగదు. రేడియోలో క్రికెట్ వస్తుంటే షెడ్డు కాలిపోతున్నా తల తిప్పదు. కానీ ఆమె దగ్గర నేర్చుకున్న ఒక సంగతి మీకు అప్పజెబుతాను. తోలు చెడిపోయివస్తే ఆ మాట మొదటి చూపులోనే చెప్పెయ్యాలి. జాలిపడి "చూద్దాంలే" అన్నారా, నెల తర్వాత ఆ తోలును చెడగొట్టింది మీరే అవుతారు.

మెర్వ్

మెర్వ్ రిటైరైన ప్లంబర్. మా షెడ్డుకు అందరికంటే పాత కస్టమర్ అతనే. ఒక్కటే లోటు, ఎన్నడూ ఒక్క తోలూ తేలేదు.

ఇక్కడి కొండల్లో తిరిగే పెద్ద జింకను సాంబార్ అంటారు. మనం కణుజు అంటామే, అదే. ఎప్పుడో పాతకాలంలో దొరలు మన దేశం వైపు నుంచి ఓడల్లో తెచ్చి వదిలితే, ఈ కొండల్లో బాగా పెరిగిపోయింది. మొక్కలు మేసేస్తోంది, అడవి పాడుచేస్తోంది అని ఇప్పుడు అందరూ దాన్ని ఆడిపోసుకుంటారు. లైసెన్సు ఉంటే వేటాడొచ్చు. "ఇండియా నుంచి వచ్చి ఇక్కడ పర్మనెంట్ రెసిడెన్సీ కొట్టేసిన మొదటి బ్యాచ్ ఇదే" అని గ్లెండా నన్ను ఏడిపించేది.

మిగతా వేటగాళ్ళంతా దుర్బిణి బిగించిన రైఫిళ్ళతో వెళ్ళి, కొట్టుకుని వస్తారు. మెర్వ్‌కు అది వేటలా అనిపించదు. అతనిది మూతి వైపు నుంచి మందు దట్టించే పాతరకం తుపాకీ. మన ఏజెన్సీ ఊళ్ళలో నాటు తుపాకీ అంటారే, ఆ జాతిది. ఒకసారి పేలిస్తే మళ్ళీ దట్టించేలోగా జింక పక్క లోయలోకి వెళ్ళి మేత కూడా మొదలుపెడుతుంది. ఏటా చలికాలం మొదట్లో మెర్వ్ షెడ్డుకు వచ్చి, "ఈసారి ఒకటి తెస్తాను, చోటు ఉంచు" అనేవాడు. గ్లెండా గోడకి ఒక కొక్కెం ఖాళీగా ఉంచేది. దాని మీద సాలెపురుగు సంసారం పెట్టింది.

ఆ ఏడాది అతను వచ్చి వెళ్ళాక గ్లెండా టీ తాగుతూ చాలాసేపు ఆలోచించింది.

"పడ్, నువ్వు ఇతనితో వెళ్ళు" అంది. నా పేరు పద్మజ. ఆమె నోట్లో అంతే మిగిలింది.

"నేనెందుకు? నాకు తుపాకీ పట్టుకోవడం కూడా రాదు."

"అతనికి వచ్చా? నువ్వు తుపాకీ కోసం కాదు. వాడు పొరపాటున ఒకదాన్ని కొట్టాడనుకో, ఆ తోలును నాశనం చేసి తెస్తాడు. ఇన్నేళ్ళకి కొట్టినది పాడైతే వాడు తట్టుకోలేడు. ఉప్పు పట్టుకుని పక్కన ఉండు."

అలా నేను ఒక శనివారం కణుజు వేటకి వెళ్ళాను. ఆ సాయంత్రమే మా ఇంట్లో భోజనాలు. మురళి స్నేహితుల కుటుంబాలు వస్తున్నాయి. మధ్యాహ్నానికల్లా వచ్చి వంట చేస్తానన్నాను. "ఆలస్యమైతే సాంబార్ హోటల్లో తీసుకొచ్చెయ్, మిగిలింది నేను చూస్తాలే" అన్నాడు మురళి. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే అతను గుర్తుంచుకున్నాడు.

పొగ

కొండదారి మొదట్లో నా కారు, అతని ట్రక్కు పక్కపక్కన ఆపుకుని మిగతా వేటగాళ్ళు మమ్మల్ని జింకలనుకోకుండా నారింజరంగు టోపీలు పెట్టుకుని నడిచాం. మెర్వ్ ఒక చెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని తుపాకీ దట్టించడం మొదలుపెట్టాడు. నల్లమందు కొలిచి గొట్టంలో పోయాలి. నూనె రాసిన గుడ్డముక్కలో సీసపు గుండును చుట్టి కర్రతో అడుగుదాకా దట్టించాలి. వెనకాల దీపావళి తుపాకీ బిళ్ళలాంటి రాగి క్యాప్ పెట్టాలి. ఒక్కొక్కటీ నాకు వివరించుకుంటూ పూజ చేసినట్టు చేశాడు.

ఎండ పైకి రాకముందే, చెప్తే నమ్మరు, మా ఎదురుగా ఫెర్న్ మొక్కల్లోంచి కణుజు ఒకటి వచ్చి నిలబడింది. మెర్వ్ గురిచూసి ట్రిగ్గర్ నొక్కాడు. టప్ అంది. అంతే. క్యాప్ పేలింది, తుపాకీ పేలలేదు.

"ఏమైంది?" అన్నాను గుసగుసగా.

మెర్వ్ ముఖం ఎర్రబడింది. "నీకు వివరిస్తూ వివరిస్తూ మందు పొయ్యడం మర్చిపోయాను."

మందు లేకుండా దిగిన గుండును బయటికి తీయడం పెద్ద పని. మెర్వ్ సంచిలోంచి స్క్రూలు, కర్రలు తీసి, పైపులో ఇరుక్కున్నదాన్ని లాగే ప్లంబర్‌లా తంటాలు పడుతుంటే, ఆ కణుజు కదలకుండా నిలబడి చూసింది. ఆఖరికి విసుగొచ్చినట్టు తోక ఆడించి వెళ్ళిపోయింది. వేటలో నవ్వకూడదని అప్పుడే తెలిసింది. మెర్వ్ నా వైపు చూసిన చూపు అలా ఉంది.

రెండోది పొద్దు బాగా ఎక్కాక కనబడింది. వాగు గట్టున, మేం నడిచొచ్చిన బాటకి దగ్గర్లోనే. కుర్ర మగది. ఈసారి మందు పోశాడు. పోశాడని నేను పక్కన నిలబడి చూశాను. ట్రిగ్గర్ నొక్కగానే కొండంతా మోగింది. ఆ వెంటనే మా ఇద్దరి చుట్టూ తెల్లటి పొగ, కుళ్ళిన గుడ్ల కంపు. చేతికందేంత దూరంలో ఉన్న మెర్వ్ కూడా కనబడలేదు.

"తగిలిందా?" అన్నాడు పొగలోంచి.

"ఎవరికి?" అన్నాను.

పొగ విడిపోయాక చూస్తే గట్టున ఏమీ లేదు. మెర్వ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. గట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడటం చూస్తే నాకు మొదటిసారి అతని మీద నవ్వు రాలేదు. ఓదార్చడానికి ఏదో అనబోతూ గట్టు దాకా వెళ్ళి అవతలికి తొంగి చూశాను. కణుజు నిలుచున్నచోటనే అవతలికి ఒరిగి పడిపోయింది. ఒక్క గుండుకే పోయింది. కాళ్ళు కొట్టుకున్న ఆనవాలు కూడా గడ్డిలో లేదు.

పిలిచాను. మెర్వ్ వచ్చి చూసి, దాని పక్కనే కూలబడ్డాడు. చెయ్యి దాని మెడ మీద పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు. ఇన్నేళ్ళూ తుపాకీ పేలేదాకానే సాధన చేశాడు. పేలాక ఏమిటన్నది అతని దాకా ఎప్పుడూ రాలేదు.

ఉప్పు

అక్కణ్ణించి నా పని. పిల్లలూ, ఇది జాగ్రత్తగా చదవండి. జంతువు పడిన క్షణం నుంచి తోలు చెడటం మొదలవుతుంది. ఒంట్లో వేడి ఉంటుంది, ఈగలు వస్తాయి. దాన్ని రాళ్ళ మీద ఈడ్చకండి, వెంట్రుకలు అరిగిపోతాయి. కత్తి మొన పైకి ఉంచి, లోపలివైపు నుంచి కొయ్యండి, వెంట్రుకలు తెగవు. వీలైనంత వరకు పిడికిలితో తోసి విడదీయండి. కత్తితో తొందరపడితే చిల్లులు పడతాయి. తీశాక నీడలో, లోపలి వైపు పైకి వచ్చేలా పరిచి, అంటుకున్న మాంసం, కొవ్వు గీకెయ్యండి. కొవ్వు ఉన్నచోట ఉప్పు దిగదు. ఉప్పు దిగనిచోట వెంట్రుక నిలవదు. మెర్వ్ చేతులు మంచివి, చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఇద్దరం కలిసి తోలు పరిచాం.

"ఉప్పు?" అన్నాను. ఉప్పు మూట నేను తెస్తానంటే, తన ట్రక్కులో ఎప్పుడూ ఒకటి ఉంటుందన్నాడు మెర్వ్.

మెర్వ్ కణుజు వైపు, ఆకాశం వైపు చూశాడు. "పడ్, కోప్పడకు. ఏటా ఆ మూట మోసుకొస్తాను, ఏటా మోసుకెళ్తాను. ఈసారి మడతకుర్చీకి చోటు చాల్లేదని ఇంట్లో దించేశాను."

కోప్పడటానికి టైము లేదు. అతన్ని ఈగలు తోలుతూ ఉండమని, నేను కారు దగ్గరికి పరుగెత్తి, కొండ కింద ఉన్న చిన్న కొట్టుకు పోయాను. అక్కడ బల్ల మీద పెట్టుకునే సన్న ఉప్పు డబ్బాలు నాలుగే ఉన్నాయి. కణుజు తోలుకి అది ముక్కుపొడుం. గది మూలన స్విమ్మింగ్ పూల్‌లో వేసే ఉప్పు బస్తాలు కనబడ్డాయి. శుభ్రమైన రాళ్ళ ఉప్పు. మాకు కావలసింది అదే.

"ఈ కొండ మీద పూల్ ఎక్కడుంది, లవ్?" అని అడిగింది కొట్టావిడ. ఇక్కడ కొట్టువాళ్ళు అందర్నీ అలాగే పిలుస్తారు.

"పూల్‌కి కాదు, ఊరబెట్టడానికి" అన్నాను.

నా చేతులకున్న రక్తం చూసి ఆవిడ ఇంకేం అడగలేదు. బస్తాలు తనే కారులో వేసింది, కొంచెం దూరంగా నిలబడి.

ఉప్పు చల్లడంలో పీనాసితనం పనికిరాదు. అంచులకి, కాళ్ళ దగ్గర ముడతలకి, మెడ మడతలకి వేళ్ళతో రుద్దాలి. వాలుగా పెడితే నీరు కారిపోతుంది. ఆ నీరు పోవాలి. ప్లాస్టిక్ సంచిలో మాత్రం కట్టకూడదు. మెర్వ్ ట్రక్కు నిండా మాంసం, మంచు పెట్టెలు. ఎండలో దాని వెనక తోలు పెట్టడం నాకిష్టం లేదు. అందుకని తోలును వదులుగా మడిచి, టార్పాలిన్ పరిచి నా కారు డిక్కీలో వేసుకున్నాను. గ్లెండా ఊళ్ళో లేదు, షెడ్డు సోమవారం దాకా తెరవదు. తోలు నాతో పాయింట్ కుక్ రావలసిందే.

దారిలో మురళి ఫోన్.

"ఎక్కడుండావు?"

"వస్తా ఉండా. సగం దారిలో ఉండా."

"సాంబార్ దొరికిందా?"

నేను పొద్దుటి నుంచీ ఒకే సాంబార్ గురించి ఆలోచిస్తున్నాను. "దొరికిందండీ. పెద్దదే" అన్నాను, ఇతను నా పని గురించి అడగడమేమిటని సంతోషిస్తూ.

"అమ్మయ్య. ఎంత తెస్తా ఉండావు?"

"డిక్కీ నిండా ఉండాది."

"డిక్కీ నిండానా! ఏందిమే, వచ్చేది నాలుగు కుటుంబాలు! ఒలకకుండా మూత పెట్టినారా?"

"కొంచెం కారతా ఉంది. కింద టార్పాలిన్ వేసినా."

అవతల గిన్నెల చప్పుడు వినిపించింది. "సరే, గబగబా రా. చల్లారిపోద్ది" అన్నాడు.

"చల్లారితేనే మంచిదండీ" అని పెట్టేశాను.

గ్యారేజీలో

నేను చేరేసరికి అందరూ వచ్చేశారు. గ్యారేజీలోకి కారు ఎక్కించగానే సాయం పట్టడానికి మురళి రెండు పెద్ద గిన్నెలు, గరిటె పట్టుకుని వచ్చాడు. వెనకే అతని స్నేహితులు. వాళ్ళలో శాస్త్రి గారు ఒకరు. వారమంతా బ్యాంకులో డేటాబేస్‌లు, వారాంతంలో వ్రతాలు, గృహప్రవేశాలు ఆయన పని.

నేను వద్దంటూనే ఉన్నాను, మురళి డిక్కీ తెరిచాడు.

గరిటె కింద పడిన చప్పుడు నాకింకా గుర్తుంది. ఉప్పునీళ్ళు టార్పాలిన్ మీద మెల్లిగా పారుతున్నాయి. మురళి నన్ను, తోలును, స్నేహితులను వరసగా చూసి, "ఇది... టెక్స్‌టైల్స్‌లో..." అని ఏదో మొదలుపెట్టి ఆగిపోయాడు.

శాస్త్రి గారు ముందుకు వచ్చారు. అయిపోయాం, ఇక ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు అనుకున్నాను. ఆయన వంగి, కళ్ళజోడు సర్దుకుని చూసి, "అమ్మా, ఇది జింక చర్మమా? నిజమైనదేనా?" అన్నారు.

"కణుజండీ."

"అయ్యో, ఎంత అరుదైన వస్తువమ్మా! వడుగు చేసేటప్పుడు పిల్లవాడికి జింక చర్మం ముక్క కట్టాలి. ఈ దేశంలో ఎక్కడా దొరక్క మొన్న ఒకరింట్లో కార్పెట్ ముక్క కత్తిరించి కట్టాను. ఎవరికీ చెప్పకండి."

ఆ మాటతో గ్యారేజీ గాలే మారిపోయింది. ఇంట్లోంచి ఆడవాళ్ళు వచ్చారు. వచ్చే ఏడు కొడుకు వడుగు పెట్టుకున్న ఒకావిడ మా వంటింట్లోంచి కత్తెర తెచ్చేసింది. "మూలన చిన్న ముక్క, అక్కా. ఎవరికీ తెలీదు" అంది. ఇంకొకాయన ధ్యానానికి ఆసనం కావాలన్నాడు. ఆయన చూపించిన కొలత మెడ నుంచి తోక దాకా ఉంది. పట్టుచీరల ఆవిడ మాత్రం బొచ్చు వైపు తడిమి, "ఓ, బొచ్చువంటే ఇవా" అంది నా వైపు అదోలా చూస్తూ.

నేను డిక్కీకి అడ్డంగా నిలబడ్డాను. ఇది నాది కాదు, ఒక పెద్దాయన ఇన్నేళ్ళ ఆశ ఇది అని చెబుతున్నాను. కత్తెర ఆవిడ వినిపించుకోకుండా నా చెయ్యి కిందుగా అంచు పట్టుకుంది. ఇంతలో మురళి గొంతు వినిపించింది. అంత గట్టిగా అతను మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఎవరూ ముట్టుకోవద్దండీ. అది కస్టమర్ తోలు. మా ఆవిడ తోళ్ళు పదును చేస్తుంది. అదే ఆమె ఉద్యోగం. ఎవరికన్నా కావాలంటే సోమవారం షెడ్డుకి పోయి అడగండి."

చెప్పేసి, కిందపడిన గరిటె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను డిక్కీ మూసి వెనకే వెళ్ళాను. అతను వంటింట్లో పప్పు కడుగుతున్నాడు.

"సాంబార్ పెట్టాలి గదా. చింతపండు ఎక్కడ?" అన్నాడు నా వైపు చూడకుండా.

ఇద్దరం కలిసి వండాం. నాలుగు కుటుంబాలూ ఆలస్యంగా తిన్నాయి. శాస్త్రి గారు రెండుసార్లు వడ్డించుకున్నారు.

సోమవారం నుంచి

సోమవారం గ్లెండా తోలు విప్పి, నన్ను పక్కకు జరిగిపొమ్మంది. పొట్ట దగ్గర వెంట్రుకలు పట్టి లాగింది. ముందుగా చెడేది అక్కడే. ఊడలేదు. తొడ దగ్గర లాగింది. ఊడలేదు. కుడివైపు డొక్క మీద మాత్రం బొటనవేలంత మేర ఊడొచ్చింది. నేను కొట్టుకు వెళ్ళొచ్చేలోగా ఎండ పడినచోటు అయ్యుంటుంది.

"పూల్ ఉప్పా?" అంది వాసన చూసి.

"అవును."

"ఊఁ" అంది. ఆమె నోటినుంచి నేను విన్న గొప్ప మెప్పు అదే.

ఆ తర్వాత పని నెమ్మదిగా సాగేది. నానబెట్టాలి, లోపలివైపు పలుచగా గీకాలి, ఆమ్లం, ఉప్పు కలిపిన నీళ్ళలో ఊరనివ్వాలి, తర్వాత పదును మందు పట్టించి, నూనె రాయాలి. ఆరేటప్పుడు వదిలేసి ఇంటికి వెళ్ళిపోకూడదు. ఫోన్ చేసిన అమ్మాయి తప్పు అక్కడే జరిగింది. సగం ఆరినప్పుడు పట్టుకుని, బల్ల అంచు మీద అటూ ఇటూ లాగుతూ, మెత్తబడేదాకా పోరాడాలి. భుజాలు పడిపోతాయి. అప్పుడే అప్పడం కాస్తా దుప్పటి అవుతుంది. అడ్డదారి ఏమీ లేదు. ఉందని చెప్పే వీడియో చూడకండి.

డొక్క మీద మచ్చ సంగతి మెర్వ్‌కి ఫోన్‌లో ముందే చెప్పాను. "గుండు పడిన రంధ్రం ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. కుట్టేస్తే కనబడదన్నాను. "కుట్టొద్దు. మచ్చ ఎంతైనా ఉండనీ, రంధ్రం మాత్రం కుట్టొద్దు" అన్నాడు.

జోన్

తీసుకెళ్ళేరోజు మెర్వ్ వెంట అతని భార్య జోన్ కూడా వచ్చింది. సన్నటి మనిషి, చేతిసంచి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడింది. నేను తోలును బల్ల మీద పరిచాను. గోధుమరంగు, అక్కడక్కడ నలుపు, మెడ దగ్గర ఒత్తుగా బొచ్చు. జోన్ చాలాసేపు చూసింది. రంధ్రంలో వేలు పెట్టి చూసింది.

"నువ్వు అక్కడ ఉన్నావా?" అని నన్ను అడిగింది.

"ఉన్నాను. పొగ వల్ల ఏమీ కనబడలేదు కానీ, పక్కనే ఉన్నాను."

"అయితే ఇతను నిజంగానే అడవికి వెళ్తున్నాడన్నమాట. ఆ మాంసం కొట్లో కొన్నదనుకున్నాను."

మెర్వ్ అయోమయంగా చూశాడు. "మరెక్కడికి వెళ్తున్నాననుకున్నావు?"

"ఇన్నేళ్ళుగా తెల్లారేసరికి వెళ్ళడం, ఖాళీ చేతులతో రావడం, పైగా సంతోషంగా ఉండటం! ఎవరైనా ఏమనుకుంటారు? డోరీన్ అనుకున్నాను."

"డోరీన్ ఎవరు?"

"నాకేం తెలుసు? పేరు నేనే పెట్టాను. ఆమెకి కుక్క కూడా ఉందనుకున్నాను."

గ్లెండా టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. అలా పెట్టడం అదే మొదటిసారి.

"నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా, జోనీ" అన్నాడు మెర్వ్.

"అడిగితే, జింకల కోసమే వెళ్ళాను, ఒక్కటీ తగల్లేదు అని చెప్పేవాడివి. నేనెలా నమ్ముతాను? అన్నేళ్ళపాటు ఒక్కటి కూడా కొట్టలేని మనిషి ఎక్కడైనా ఉంటాడా?"

అని తనే ముందు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత చేతిసంచి నాకిచ్చి, బల్ల మీది తోలును రెండు చేతులతో ఎత్తి, మన సభల్లో శాలువా కప్పినట్టు మెర్వ్ భుజాల చుట్టూ కప్పి, మెడ దగ్గర సర్దింది. నేనూ గ్లెండా చప్పట్లు కొట్టాం. చుట్టి ఇవ్వడానికి నేను తెచ్చిన కాగితం అక్కరకు రాలేదు. మెర్వ్ అలాగే నడుచుకుంటూ వెళ్ళి, కారెక్కి, కణుజు చర్మం మీదుగా సీటు బెల్టు పెట్టుకున్నాడు. కారు జోన్ నడిపింది.